బీపీఏ-ఫ్రీ అని రాసుంటే ఇక భయం లేనట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకిప్పుడు ఐదో నెల. ప్లాస్టిక్‌లో హార్మోన్లని డిస్టర్బ్ చేసే కెమికల్స్ ఉంటాయని చదివి పాత డబ్బాలన్నీ పక్కన పడేసి బీపీఏ-ఫ్రీ (అంటే ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్‌ఫినాల్-ఎ అనే కెమికల్ లేదు) అని రాసున్నవే కొన్నాను. మా ఆయనేమో "అంత డేంజరైతే గవర్నమెంట్లు ఎప్పుడో బ్యాన్ చేసేవి కదా, అయినా అందులో ఉండేదెంత" అంటున్నారు. ఎవరు కరెక్ట్?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇద్దరూ సగం సగం కరెక్టే అంటాను (మీ ఇంట్లో గొడవ నాకెందుకు). ముందు మీవారి మాట చూద్దాం. "ఉండేదెంత" అనే లెక్క చాలా విషాలకి సరిపోతుంది గానీ హార్మోన్ల దగ్గర అంత ఈజీగా కుదరదు, ఎందుకంటే మన ఒంట్లో హార్మోన్లు పనిచేసేదే అతి కొంచెం మోతాదులో, ఈ కెమికల్స్‌లో కొన్ని వాటి వేషం వేసుకెళ్ళి వాటి సీట్లో కూర్చుంటాయి. పైగా పెద్దవాళ్ళకి ఏమీ కాని మోతాదు, కడుపులో బిడ్డకి అవయవాలు తయారయ్యే టైంలో తేడా చెయ్యొచ్చు, అది పుట్టగానే బయటపడాలని కూడా లేదు.

దీనికి డీఈఎస్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. 1938లో ఇంగ్లండ్‌లో చార్లెస్ డాడ్స్ అనే సైంటిస్ట్ టీమ్ తయారు చేసిన కృత్రిమ ఈస్ట్రోజెన్ (ఆడవాళ్ళ ముఖ్యమైన హార్మోన్) అది, గర్భం నిలబడుతుందని ఏళ్ళ తరబడి గర్భిణులకి ఇచ్చారు, 1953లోనే అది పనిచెయ్యట్లేదని ట్రయల్‌లో తేలినా వాడకం ఆగలేదు, చివరికి 1971లో ఆ తల్లుల కూతుళ్ళకి చిన్న వయసులోనే అరుదైన యోని క్యాన్సర్ వస్తోందని బయటపడింది. మింగింది తల్లి, జబ్బొచ్చింది కూతురికి. ఇంకో సంగతి, ఇప్పుడు మనం భయపడుతున్న బీపీఏ కూడా ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని 1930ల్లోనే ఆ డాడ్సే చూపించాడు. అది తెలిశాకే ప్లాస్టిక్‌లోకీ, టిన్ డబ్బాల లోపలి కోటింగ్‌లోకీ వచ్చింది!

మరి బ్యాన్ సంగతి? పిల్లల పాలసీసాల్లో బీపీఏని యూరప్ 2011లో ఆపింది, అమెరికా 2012లో. 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ, రోజూ ఒంట్లోకి వెళ్ళినా పర్లేదు అన్న మోతాదుని ఒక్కసారిగా 20,000 రెట్లు తగ్గించేసింది, జర్మనీ సంస్థ మాత్రం మరీ అంత తగ్గించక్కర్లేదని ఒప్పుకోలేదు. 2024 డిసెంబర్‌లో ఆహారానికి తగిలే వస్తువుల్లో బీపీఏని యూరప్ నిషేధించింది, కంపెనీలకి కొంత గడువిచ్చి. 1930ల నుంచి లెక్కేసుకోండి. గవర్నమెంట్లు ఎప్పుడో చేసేవి అనే మాట ఇక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు మీ డబ్బాలు. బీపీఏ తీసేసి చాలాచోట్ల దాని తమ్ముడు బీపీఎస్‌ని (బిస్‌ఫినాల్-ఎస్) పెట్టారు, ల్యాబ్ పరీక్షల్లో అదీ ఈస్ట్రోజెన్‌లానే ప్రవర్తిస్తోంది. ఒక్కో పేరుని పట్టుకుని బ్యాన్ చేస్తే జరిగేది ఇదే, ఒకటి పోతే పక్కింటి నుంచి ఇంకోటి వస్తుంది, అందుకే నా ఉద్దేశంలో రూల్ ఆ కెమికల్స్ కుటుంబం మొత్తానికి ఉండాలి, అమ్మే ముందే కంపెనీ టెస్ట్ చేసి చూపించాలి. యూరప్ కొత్త రూల్‌లో ప్రమాదకరమని గుర్తించిన మిగతా బిస్‌ఫినాల్స్‌ని కూడా కలిపారు, అది మంచి మొదలు.

మీరు కంగారు పడకండి, బీపీఏ ఒంట్లో పేరుకుపోయే రకం కాదు, చాలావరకు ఒకట్రెండు రోజుల్లో యూరిన్‌లో వెళ్ళిపోతుంది, కాకపోతే మనం రోజూ మళ్ళీ లోపలికి పంపుతుంటాం. వేడి వేడివి ప్లాస్టిక్‌లో పొయ్యకండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి, గీతలు పడ్డవి తీసెయ్యండి, గాజు, స్టీల్ బెటర్. షాపు బిల్లు కాగితాలకి కూడా బీపీఏనో బీపీఎస్‌నో పూస్తారు, తీసుకోక తప్పకపోతే చేతులు కడుక్కోండి. కొన్న కొత్త డబ్బాలు పారెయ్యక్కర్లేదు, పప్పో బియ్యమో పోసుకోండి.