టూ స్ట్రోక్ డర్ట్ బైకుకు ఏ పైపు మేలు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నా దగ్గర సెకండ్ హ్యాండులో కొన్న యమహా వైజెడ్ 250 ఉన్నది. గుణుపూర్ దగ్గర మా సొంత జీడితోటల్లోనూ, గెడ్డ దాటి కొండవాలుకు పోయే మా పొలం దారిలోనూ మాత్రమే నడుపుతాను. చిన్న రేజింగులో ఇంజిను గుడగుడమని ముక్కుతుంది, సగం దాటాక ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ప్రస్తుతం బండితో వచ్చిన కంపెనీ ఎగ్జాస్ట్ పైపే (పొగగొట్టమే) ఉన్నది. పైపులు తయారుచేసే ఎఫ్ఎంఎఫ్ సంస్థ వారి ఫ్యాటీ అనే పైపు కొనమని ఒకరు, అదే సంస్థ నార్లీ కొనమని మరొకరు చెబుతున్నారు. మా మెకానిక్కేమో ఆ డబ్బులో మూడో వంతుకే రేకుతో పైపు చేసి ఇస్తానంటున్నాడు. వీటిలో దేనిని ఎంచుకోవాలి? – ఒక పాఠకుడు, గుణుపూర్, రాయగడ జిల్లా

జవాబు: పైపు కొనేముందు మీరు రాసిన ఆ గుడగుడ సంగతి చూడండి. మీ బండిలో ఎగ్జాస్ట్ దారి ఎత్తును రేజింగును బట్టి మార్చే పవర్ వాల్వు ఉంటుంది. అది మసి పట్టి తెరుచుకున్న స్థితిలోనే ఇరుక్కుపోతే, అడుగున లాగుడు చచ్చిపోయి, పైన మాత్రం బండి దూకుతుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. వాల్వును విప్పి, కిరసనాయిలుతో మసి కడిగి, వేలితో కదిపితే అడ్డు లేకుండా తిరుగుతున్నదో లేదో చూడండి. వెనుక సైలెన్సర్ డబ్బాలోని పీచు ఆయిలుతో తడిసి ముద్దయి ఉంటే దానినీ మార్చండి. ఈ రెండు పనులూ చేయకుండా కొత్త పైపు బిగిస్తే, పాత జబ్బు కొత్త పైపులోనూ అలాగే వినబడుతుంది.

ఇక పైపుల సంగతి. పైపు మార్చినప్పుడు మనం ముఖ్యంగా కొనుక్కునేది, బలం ఏ రేజింగులో అందాలన్న ఎంపికను. టూ స్ట్రోక్ ఇంజినులో పొగ బయటికి పోయే దారి, కొత్త పెట్రోలు-గాలి మిశ్రమం లోపలికి వచ్చే దారులు కొంతసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి కనుక, తాజా మిశ్రమంలో కొంత పొగ వెంటే జారిపోతుంది. పైపుకు ఆ ఉబ్బు కడుపు ఉన్నది ఈ నష్టాన్ని పూడ్చడానికే. పొగతో పాటు బయలుదేరిన ఒత్తిడి అల, పైపు వెడల్పయ్యే చోట లాగుడు అలగా వెనక్కి తిరిగి సిలిండరును ఖాళీ చేయడానికి తోడ్పడుతుంది. కడుపు దాటి పైపు మళ్లీ సన్నబడే చోట తగిలిన అల, నెట్టుడు అలగా వెనక్కి వచ్చి, జారిపోయిన మిశ్రమాన్ని దారి మూసుకునేలోగా సిలిండరులోకి తోస్తుంది. ఈ విద్యను 1950లలో తూర్పు జర్మనీలోని ఎంజెడ్ సంస్థలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఒక పద్ధతికి తెచ్చాడు. 1961లో ఆ సంస్థ రేసరు ఎర్న్స్ట్ డెగ్నర్ దేశం విడిచి సుజుకీలో చేరడంతో ఆ మెళకువలు జపానుకు చేరాయి. మరుసటి ఏడే సుజుకీ 50 సీసీ ప్రపంచ టైటిలు గెలిచింది. ఒక రేకు గొట్టం ఆకారానికి ఉన్న విలువ అంతటిది.

అల సరైన క్షణంలో తిరిగి రావాలంటే పొడవు కుదరాలి. ఇంజిను తిరిగే ఒక చుట్టులో (360 డిగ్రీలలో) ఎగ్జాస్ట్ దారి 190 డిగ్రీల పాటు తెరిచి ఉంటుందని, వేడి పొగలో అల సెకనుకు సుమారు 500 మీటర్లు పోతుందని అనుకుంటే, 8000 రేజింగులో, అంటే ఇంజిను నిమిషానికి 8000 చుట్లు తిరిగేటప్పుడు, అల వెళ్లి రావడానికి దొరికే సమయం సెకనులో వెయ్యింట నాలుగు వంతులే. ఆ లెక్కన, అల తిరగబడే చోటు సిలిండరుకు దాదాపు 99 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అదే ఇంజినుకు 6500 రేజింగులో బలం కావాలంటే ఆ దూరం 122 సెంటీమీటర్లు కావాలి. పైపు పొడవు పెరిగితే బలం కిందికి, తగ్గితే పైకి జరుగుతుందన్న మాట. పైపు వెడల్పయ్యే, సన్నబడే గరాటు భాగాలు నిటారుగా ఉంటే బలం ఒకే చోట కుప్పపడుతుంది, ఏటవాలుగా ఉంటే పరుచుకుంటుంది.

మీరు చెప్పిన పైపులలో నార్లీ అడుగు లాగుడు కోసం రూపొందించినది, దాని రేకు కూడా మందం. ఫ్యాటీ మధ్య నుంచి పై రేజింగు దాకా బలాన్ని పరిచేది, రేకు పలుచన కనుక తేలిక, కానీ రాయి తగిలితే త్వరగా నొక్కుకుపోతుంది. గెడ్డలో నున్నటి రాళ్లు, పైన గులక మట్టి, జీడి వేళ్లు ఉన్న మీ దారికి, కంపెనీ పైపును తీసివేయాలనే మీరు నిశ్చయించుకుంటే, నేను నార్లీ వైపే మొగ్గుతాను. అయితే వైజెడ్ 250 కంపెనీ పైపు చాలా మంచిదని, తొందరపడి పారవేయదగినది కాదని కూడా అంతే గట్టిగా చెబుతున్నాను. వెనుక స్ప్రాకెట్ 48 పళ్లది ఉంటే 50 పళ్లది వేసి చూడండి, లాగుడు సుమారు 4 శాతం పెరుగుతుంది. ముందు స్ప్రాకెట్‌లో 13కు బదులు 12 వేస్తే సుమారు 8 శాతం. పైపు ధరతో పోలిస్తే ఆ ఖర్చు ఏ పాటిది?

మీ మెకానిక్కు చేసే పైపు గురించి కొట్టిపారేసినట్లు మాట్లాడలేను, మన జిల్లాల షెడ్లలో గ్యాస్ వెల్డింగుతో చక్కటి గరాటులు చుట్టగల చేతులను చూశాను. కానీ అతడు దేనిని కొలతగా పెట్టుకుంటున్నాడని అడగండి. యమహా ఆర్ఎక్స్ 100 పైపును కాస్త లావు చేసి పెడతానంటే వద్దనండి, 98 సీసీ ఇంజినుకు కుదిరిన కొలత 249 సీసీకి కుదరదు. మీ కంపెనీ పైపునే ముందు పెట్టుకుని ప్రతి గరాటు పొడవు, వ్యాసం, చివరి సన్న గొట్టం లోపలి కొలత రాసుకుని చేస్తానంటే అది నమ్మదగిన మాట. ఆ చివరి గొట్టం మరీ ఇరుకైతే ఇంజిను విపరీతంగా వేడెక్కి పిస్టన్‌కే ఎసరు వస్తుంది.

పోల్చి చూసే తీరు గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒక మిత్రుని తోటలో, ఒకే 250 బండికి రెండు పైపులు మార్చి మార్చి బిగించి చూశాము. పాత సైకిలు చువ్వను కొక్కెంలా వంచి, పైపును పట్టి ఉంచే స్ప్రింగులు లాగుతుంటే, సిలిండరు దగ్గర అతుకులోని రబ్బరు రింగు తెగి ఉండడం, దాని చుట్టూ నల్లటి ఆయిలు జిగురుగా కారి ఉండడం కనిపించింది. అక్కడ గాలి లీకైతే ఏ పైపు గుణమూ తేలదు, కాబట్టి ముందు దానిని మార్చాము. గెడ్డ ఒడ్డున నిలిపిన బండిని రెండో గేరులో వాలెక్కించాము. పలుచని పైపుతో చక్రం ఒక జీడి వేరు దగ్గర గిర్రున తిరిగి ఎండుటాకులు వెనక్కి చిమ్మింది. అడుగు లాగుడు పైపుతో టైరు అదే వేరును పట్టుకుని, తొందర లేకుండా ఎక్కింది. పైనున్న చదును మీద మాత్రం మొదటిదే ముందు. ఆ తరువాత మొదటి పైపునే తిరిగి బిగించి ఎక్కిస్తే, ఈసారి అది కూడా వేరును దాదాపు తేలికగా దాటింది! మారినది పైపు కాదు, నడిపేవాడికి వాలు అలవాటైంది. అందుకే ఒకటి, రెండు, మళ్లీ ఒకటి అన్న వరుసలో చూడనిదే ఏ తీర్పూ ఇవ్వవద్దని కోరుతున్నాను. ఆ మూడు విడతలలోనూ టైరు గాలి, పెట్రోలులో ఆయిలు పాలు, గేరు మారకూడదు. పైపు మార్చిన ప్రతిసారీ ప్లగ్గు విప్పి చూడాలి. తెల్లగా కనిపిస్తే మిశ్రమం పలుచబడినట్లు, అంటే పెట్రోలు పాలు తగ్గినట్లు, వెంటనే కార్బురేటరులో పెట్రోలును కొలిచి వదిలే మెయిన్ జెట్ ఒక మెట్టు పెంచాలి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే సరిపోయినట్లు.

ప్రశ్న: నా ఆర్ఎక్స్ 135కు షెడ్డులో చేయించిన రేసింగు పైపు వేయించి, కోరాపుట్‌లోనే జెట్ సరిచేయించాను. ఇక్కడ బాగానే నడిచింది. ఘాటీ దిగి సాలూరు వెళుతుంటే దారిలో ఇంజిను పట్టేసింది. తప్పు పైపుదేనా? – మరో పాఠకుడు, కోరాపుట్

జవాబు: పైపు ఒక్కదానిదే కాకపోవచ్చు. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్నది, అక్కడి గాలి మైదానంలో కంటే దాదాపు 8 శాతం పలుచన. ఆ గాలికి సరిపోయేలా చిన్న జెట్ వేసి కిందికి దిగితే గాలి చిక్కబడుతుంది, పెట్రోలు మాత్రం అంతే అందుతుంది, మిశ్రమం పలుచబడి పిస్టన్ వేడెక్కుతుంది. దానికి తోడు ఘాటీలో యాక్సిలరేటరు మూసి గేరు మీదనే దిగితే, రేజింగు ఎక్కువగా ఉన్నా ఆయిలు తక్కువ అందుతుంది. దిగేటప్పుడు మధ్య మధ్య క్లచ్ పట్టి ఒకసారి రేజింగు ఇవ్వడం పాతకాలం ఆర్ఎక్స్ నడిపినవారందరికీ తెలిసిన అలవాటు. జెట్‌ను మైదానానికే సరిచేసుకోండి, కొండ మీద కాస్త మందంగా నడిచినా ఇంజిను బతుకుతుంది. ఇంకొక మాట తప్పక చెప్పాలి. మీది రోడ్డు మీద తిరిగే బండి. శబ్దం పెరిగే పైపు వేస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద 10,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పాత సైలెన్సర్‌నే తిరిగి బిగించమని నా సలహా.

ప్రశ్న: పైపు కడుపు మీద రాయి తగిలి నొక్కు పడింది. మార్చాలా? – పర్లాకిమిడి పాఠకుడు

జవాబు: కడుపు మీద చిన్న నొక్కు వల్ల పెద్ద తేడా రాదు. సిలిండరుకు దగ్గరగా ఉన్న సన్న భాగంలో పడితే మాత్రం తీయించాలి. రెండు చివరలూ మూసి, లోపల గాలి ఎక్కించి, బయట మంటతో కాల్చే పద్ధతిలో మూత ఎగిరి మనుషులు గాయపడే ప్రమాదం ఉన్నది కనుక దానిని వద్దంటాను. పైపు నిండా నీరు పోసి చేతి పంపుతో మెల్లగా ఒత్తిడి పెంచడం మేలు. పని అయ్యాక నీరంతా ఒంపి, ఎండలో ఆరబెట్టి, లోపల కాస్త టూ స్ట్రోక్ ఆయిలు తిప్పి పోయండి. లేకపోతే రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది.