కాలనీ సూపర్‌మార్కెట్ మూతపడుతున్న వేళ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నందున, మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి వీటికే చోటు ఇస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు వారి పేర్లను, వారు ప్రస్తావించిన దుకాణాల పేర్లను తొలగించాం.

ప్రశ్న: మేము సికింద్రాబాద్‌లోని ఒక పాత కాలనీలో ఉంటున్నాం. ముప్ఫై ఏళ్లుగా మా వీధి మలుపులో నడుస్తున్న సూపర్‌మార్కెట్‌ను వచ్చే నెలలో మూసేస్తున్నారట. అప్పుడే ర్యాకులు సగం ఖాళీ అయ్యాయి, మిగిలిన సరుకు మీద తగ్గింపు ధరల కాగితాలు అంటించారు. మా పెద్దమ్మాయి పాలడబ్బాల దగ్గర నుంచి దాని పెళ్లికి కావలసిన పసుపు కుంకుమల దాకా అన్నీ అక్కడే కొన్నాను. సాయంత్రం ఎప్పుడు వెళ్లినా బిల్లు దగ్గర నలుగురు నిలబడి కనిపించే దుకాణం ఎందుకు మూతపడుతోంది? "కొట్టు మూస్తే ఇంత దిగులేమిటి, ఫోనులో నొక్కితే పది నిమిషాల్లో గుమ్మంలోకి తెచ్చిస్తున్నారు కదా" అని మావారు అంటున్నారు. నా దిగులుకు అర్థం లేదంటారా?
— ఒక గృహిణి, సికింద్రాబాద్

జవాబు: ముందు మీ మొదటి ప్రశ్న చూద్దాం. బిల్లు దగ్గర నలుగురు నిలబడి ఉన్న మాట నిజమే కానీ, వారి బుట్టల్లో ఏముండేదో ఒకసారి గుర్తు చేసుకోండి. ఒక కొత్తిమీర కట్ట, రెండు పెరుగు ప్యాకెట్లు, ఒక బ్రెడ్డు. పాలు, పెరుగు వంటి వాటి మీద దుకాణదారుకు మిగిలేది అతి స్వల్పం. నెల మొదటి వారంలో చీటీ రాసుకొని వచ్చి కందిపప్పు, మినపగుళ్లు, నూనె డబ్బా, బట్టల సబ్బులు, బిస్కెట్లు కలిపి ట్రాలీ నింపుకొని వెళ్లే కుటుంబాలే అతని అద్దెను, జీతాలను మోసేవి. ఆ నెల సరుకులు చాలా ఇళ్లలో ఏనాడో పెద్ద మాల్‌కు తరలిపోయాయి. తక్కువపడినవి, మరిచిపోయినవి మాత్రమే వీధి మలుపు దుకాణానికి మిగిలాయి. మనుషుల రాక తగ్గకుండానే అమ్మకం పలుచబడటం అంటే ఇదే, ఇది బయటి నుంచి చూసేవారికి కనిపించదు.

రెండో కారణం ఖర్చులలో ఉంది. సూపర్‌మార్కెట్ వస్తే కిరాణా కొట్లు పోతాయని ఒకప్పుడు అందరూ అన్నారు. నా దృష్టిలో జరిగింది అందుకు దాదాపు వ్యతిరేకం. కిరాణాదారు చాలాచోట్ల సొంత ఇంటి ముందు గదిలో కూర్చుంటాడు, భార్యాపిల్లలే పనివాళ్లు, ఫ్రిజ్ ఒక్కటే, పైగా ఖాతా రాస్తాడు కనుక వీధి అతన్ని వదలదు. మరో చివర, 2002లో ముంబైలో తొలి దుకాణం తెరిచిన డీమార్ట్ వంటి సంస్థ చాలావరకు సొంత భవనాల్లోనే వ్యాపారం చేస్తుంది, తయారీదారుల నుంచి టోకుగా కొంటుంది. మీ కాలనీ దుకాణం ఈ రెంటికీ నడుమ నలిగింది. అద్దె భవనం, ఏటేటా పెరిగే అద్దె, రాత్రంతా నడిచే ఫ్రీజర్లకు వాణిజ్య రేటున కరెంటు బిల్లు, జీతం మీద పనిచేసే పదిపన్నెండు మంది, డిస్ట్రిబ్యూటర్ చెప్పిన ధరకే సరుకు. దీనికి తోడు, పాత కాలనీల్లో ఇంటి యజమానులు స్థలాన్ని బిల్డర్‌కు అపార్ట్‌మెంటు కోసం ఇవ్వడం మామూలైపోయింది. నష్టం లేకుండా నడుస్తున్న దుకాణానికి కూడా ఖాళీ చేయమనే నోటీసు వస్తుంది. మీ వీధిలో నష్టమే కారణమో, ఇలాంటి నోటీసే కారణమో యజమానిని అడిగితే బహుశా దాచకుండా చెబుతాడు, మూసేవాడికి దాచవలసిన అవసరం ఏముంటుంది?

ఇది ఒక్క మీ కాలనీ కథ కాదు. హైదరాబాద్‌లో తొలితరం సూపర్‌మార్కెట్లలో బాగా పేరు పొందిన త్రినేత్ర 1986లో మొదలైంది, మరుసటి ఏడాది రత్నదీప్ వచ్చింది. 2007 మొదట్లో ఆదిత్య బిర్లా సంస్థ త్రినేత్రను కొనుగోలు చేసింది, తరువాత ఆ దుకాణాల మీద మోర్ అనే బోర్డు వెలిసింది. 1997లో చెన్నైలో పుట్టి తెలుగు పట్టణాల్లోనూ వీధివీధినా కనిపించిన సుభిక్ష, 2009 నాటికి చేతిలో డబ్బు ఆడక, జీతాలు, అద్దెలు చెల్లించలేక దేశమంతటా తలుపులు మూసింది. 2016లో హెరిటేజ్ తన ఫ్రెష్ దుకాణాలను ఫ్యూచర్ సంస్థకు అప్పగించింది, ఆ ఫ్యూచర్ సంస్థే 2022లో దివాలా విచారణకు వెళ్లింది. 2024లో స్పెన్సర్స్ రెండు తెలుగు రాష్ట్రాల నుంచి వైదొలగింది. పెద్ద పెట్టుబడి వెనక ఉన్నవారికే నిలకడ లేని ఈ వ్యాపారంలో, ఒక్క దుకాణంతో ముప్ఫై ఏళ్లు నెట్టుకొచ్చిన మనిషి ఓడిపోయాడని నేను అనుకోను.

ఇక మీ దిగులు. దీనికి అర్థం ఉంది, అది ఎక్కడుందో చెప్పాలంటే ఆ దుకాణానికి ముందు కొనుగోలు ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. కిరాణా కొట్టులో మనం గుమ్మం బయట నిలబడి అడగాలి, అతను లోపలి నుంచి తీసి, కాగితంలో పొట్లం కట్టి, పురికొస చుట్టి ఇవ్వాలి. ధర అతని నోట వినాలి. నచ్చకపోతే వద్దనడానికి మొహమాటం. అటువంటి రోజుల్లో, ఎవరినీ అడగకుండా ర్యాకుల మధ్య తిరగడం, డబ్బా చేతిలోకి తీసుకొని వెనక ముద్రించిన ధర, తేదీ చదవడం, ఎక్కువనిపిస్తే తిరిగి అక్కడే పెట్టేయడం సామాన్యమైన సౌకర్యం కాదు. ముఖ్యంగా ఇంటి కోడళ్లకు. శానిటరీ నాప్కిన్లు అడగాలంటే కొట్టులో మగవాళ్లంతా వెళ్లేదాకా పక్కన నిలబడిన ఆడపిల్లలు, సూపర్‌మార్కెట్ వచ్చాక వాటిని తామే అరలోంచి తీసి బుట్టలో వేసుకున్నారు. (బిల్లు దగ్గర దాన్ని నల్ల కవరులో చుట్టి ఇచ్చే అలవాటు మాత్రం ఇప్పటికీ పోలేదు, అది వేరే చర్చ.) మీ తరం ఆడవాళ్లు ఇంటి ఖర్చును తమ చేతుల్లోకి తీసుకోవడంలో ఆ దుకాణానికి కొంత పాత్ర ఉందని నా అభిప్రాయం.

ఇంకొకటి, ఆ దుకాణంలో మనుషులు మారకుండా ఉండేవారు. కూరగాయల తూకం దగ్గర నిలబడే అమ్మాయిని మీరూ చూసే ఉంటారు. బెండకాయలకు, దొండకాయలకు, మూడు రకాల వంకాయలకు వేరువేరు అంకెలు ఉంటాయి, పట్టీ చూడకుండానే ఆమె వేళ్లు వాటిని నొక్కేస్తాయి, స్టిక్కరు బయటికి వచ్చేలోగా మూతి ముడి వేసి కవరు మన చేతికిస్తుంది. మీ అత్తగారికి షుగరు వచ్చిన సంగతి ఆమెకు తెలుసు, ఆకాకరకాయలు వచ్చిన రోజు ఒక పావుకిలో పక్కన పెట్టి ఉంచుతుంది. శ్రావణమాసం ముందు ద్వారం దగ్గరే కర్పూరం, అగరువత్తులు, జాకెట్టు ముక్కలు, తోరాలు బల్ల మీద పరిచేవారు, సంక్రాంతికి అదే బల్ల మీదికి బెల్లం, నువ్వులు వచ్చేవి. కాలనీ పంచాంగమంతా ఆ ఒక్క బల్ల మీద కనిపించేది.

అలాగని ఆ దుకాణాన్ని దేవాలయం చేయనవసరం లేదు. చిల్లర బదులు చాక్లెట్లు చేతిలో పెట్టినది వాళ్లే. పైన ఎర్రటి టమాటాలు పేర్చి అడుగున మెత్తబడినవి ఉంచినదీ, లోపలికి వెళ్లేటప్పుడు మన సంచీ తీసుకొని టోకెను ఇచ్చి, బయటికి వచ్చేటప్పుడు బిల్లు మరోసారి తనిఖీ చేసి మనల్ని అనుమానంగా చూసినదీ వాళ్లే. ఇవన్నీ కలిపే మీకు అది గుర్తుండాలి.

మీవారి మాటలోనూ సగం న్యాయం ఉంది. మోకాళ్ల నొప్పులున్నవారికి, పసిబిడ్డను ఒంటరిగా చూసుకునేవారికి ఇంటికి వచ్చే సరుకు వరమే. అయితే ఆ సరుకు వచ్చే గిడ్డంగి లోపలికి మనకు ప్రవేశం లేదు. అక్కడ తిరిగి, చూసి, ధరలు పోల్చుకొని, ఇంట్లో మాటామంతీ లేని ముసలివారు సాయంత్రం ఒక గంట కాలక్షేపం చేసి రాలేరు. మీ కాలనీలో స్మార్ట్‌ఫోను వాడని పెద్దలు ఎందరున్నారో లెక్కవేసి చూడండి. వారికి ఉప్పు, మందులు, పాలు నడిచి తెచ్చుకునే దూరంలో ఇంకెక్కడ దొరుకుతాయో, ఎవరు ఫోనులో తెప్పించి ఇవ్వగలరో మీ సంక్షేమ సంఘం సమావేశంలో ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది. మూతపడిన తరువాత మాట్లాడుకుంటే ఆ మొదటి నెల వాళ్లే ఇబ్బంది పడతారు.

ప్రశ్న: మా ఇంట్లో పెద్దలు ప్రతి సూపర్‌మార్కెట్‌నూ "సూపర్ బజార్" అనే అంటారు. మన దేశంలో మొదటి సూపర్‌మార్కెట్ అదేనా?
— ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: సూపర్ బజార్ ప్రైవేటు దుకాణం కాదు, సహకార సంఘం నడిపినది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించినప్పుడు నిత్యావసరాల ధరలు పెరుగుతాయన్న భయంతో, న్యాయమైన ధరకు సరుకు అందించడానికి కేంద్ర ప్రభుత్వం అదే సంవత్సరం జూలైలో ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో సూపర్ బజార్‌ను తెరిపించింది. ఆ తరువాత అనేక నగరాల్లో సహకార వినియోగదారుల భాండారాలు ఆ పేరునే పెట్టుకున్నాయి. చక్కెర, కిరసనాయిలు దొరకని రోజులు చూసిన మీ పెద్దలకు ఆ పేరు నాలుక మీద నిలిచిపోవడం సహజమే. మొదటిదా అంటే కాదు, బెంగళూరులో నీలగిరీస్ వంటి దుకాణం అంతకు చాలా ముందు నుంచే ఉంది. కొనేవారే సరుకు తీసుకొని చివర డబ్బు కట్టే పద్ధతికి మూలం అమెరికాలోని మెంఫిస్ నగరం. 1916లో క్లారెన్స్ సాండర్స్ అక్కడ పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచాడు. చక్రాల ట్రాలీ 1937లో ఓక్లహామా నగరంలో వచ్చింది, బార్‌కోడ్ గీతల మీద తొలి అమ్మకం 1974లో ఒహాయోలో ఒక చూయింగ్ గమ్ పొట్లంతో జరిగింది.

ప్రశ్న: నేను ఒక సూపర్‌మార్కెట్‌లో పదకొండేళ్లుగా బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. ఈ నెలాఖరుకు మూసేస్తున్నామని యజమాని నోటిమాటగా చెప్పారు. మాకు జీతం తప్ప ఇంకేమైనా రావలసి ఉంటుందా?
— ఒక ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: ఉంటుంది, అడగడానికి సంకోచించకండి. పది మంది అంతకు మించి పనిచేసే సంస్థలో అయిదేళ్లు నిండిన ఉద్యోగికి గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం ముగిసినప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే మొత్తం, హక్కు. లెక్క సులభం: గ్రాట్యుటీకి పరిగణించే చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని పనిచేసిన సంవత్సరాలతో గుణించాలి. ఆ జీతం 13,000 రూపాయలైతే ఏడాదికి 7,500, పదకొండేళ్లకు 82,500 రూపాయలు వస్తాయి. ఇది ఉద్యోగం ముగిసిన 30 రోజుల్లో చెల్లించాలి. ఆంధ్రప్రదేశ్‌లోని 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసిన వారిని తొలగించేటప్పుడు నెల రోజుల నోటీసు గానీ, దానికి బదులు నెల జీతం గానీ ఇవ్వాలి. నోటిమాట నోటీసు కాదు.

మీ జీతంలో భవిష్యనిధి (పీఎఫ్) కోత ఉంటే, యజమాని తన వాటాతో కలిపి నిజంగా జమ చేశారా లేదా అని ఇప్పుడే, దుకాణం తెరిచి ఉండగానే, మీ పాస్‌బుక్‌లో చూసుకోండి. పేరులో అక్షరదోషాలున్నా, చేరిన తేదీ తప్పుగా ఉన్నా సరిచేయించడానికి యజమాని సంతకం కావలసి రావచ్చు, మూతపడిన తరువాత ఆయన వెంట తిరగడం కష్టం. పింఛనుకు పదేళ్ల సభ్యత్వం కావాలి. మీకు పదకొండేళ్లు నిండాయి కనుక, తొందరపడి మొత్తం తీసేసుకునే ముందు భవిష్యనిధి కార్యాలయంలో మీ పింఛను సంగతి అడిగి తెలుసుకోండి. బకాయిలు ఇవ్వకపోతే సహాయ కార్మిక అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఒక్కరే కాకుండా అందరూ కలిసి సంతకాలు పెడితే మేలు. వెళ్లేలోగా అనుభవ పత్రం కూడా తీసుకోండి. బిల్లింగ్ తెలిసిన మనిషికి మరో దుకాణంలో చోటు దొరకడం కష్టం కాదు, కానీ అక్కడ పదకొండేళ్ల అనుభవానికి తగిన జీతం అడగాలంటే చేతిలో కాగితం ఉండాలి.

ప్రశ్న: మూసేస్తున్న దుకాణంలో నా కార్డు మీద పాయింట్లు, మా అబ్బాయి స్నేహితులు బహుమతిగా ఇచ్చిన 2,000 రూపాయల కూపన్లు ఉన్నాయి. కిందటి సంవత్సరం అక్కడే మిక్సీ కూడా కొన్నాం. ఇవన్నీ పోయినట్లేనా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పాయింట్లు దుకాణం దయతో ఇచ్చినవి, వాటి మీద పట్టుబట్టడం కష్టం కాబట్టి తలుపులు తెరిచి ఉండగానే సరుకుగా మార్చుకోండి. కూపన్ల సంగతి అలా కాదు, వాటికి ఎవరో ముందే నగదు చెల్లించారు. మూసే తేదీలోగా వాటికి సరిపడే సరుకైనా ఇమ్మని, లేదా డబ్బైనా వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి, నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయండి. మిక్సీ వారంటీ తయారీ సంస్థ ఇచ్చినది, దుకాణం మూతపడినా అది చెల్లుతుంది. అయితే కొన్న తేదీకి సాక్ష్యం ఆ బిల్లే. ఇప్పటి బిల్లుల కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి కనుక ఈ రోజే దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. ఇప్పటికే వెలిసిపోయి ఉంటే, దుకాణం కంప్యూటరు ఇంకా పనిచేస్తుండగానే వెళ్లి నకలు ముద్రించి ఇమ్మని అడగండి.