బక్కచిక్కిన పెంపుడు ఎలుకకు ఏం పెట్టాలి?

ఐదు నెలల ఆడ ఎలుక 180 గ్రాములే ఉంది, వెన్నెముక చేతికి తగులుతోంది, తోడున్న రెండో ఎలుక మాత్రం బాగానే ఉంది, బలానికి ఏం పెట్టాలి అని అడిగారు. తిండి సంగతి చెబుతాను. కానీ ముందు అది ఎందుకు చిక్కిందో చూడండి. ఈ విషయం నాకు ఆలస్యంగా తెలిసింది, అందుకే మొదట చెబుతున్నాను.

మా ఇంట్లో చిన్ని, మబ్బు అని రెండు ఆడ ఎలుకలు ఉండేవి. ఏడాది దాటాక చిన్ని చిక్కిపోవడం మొదలైంది. కొవ్వున్న తిండి పెడితే సరిపోతుందని పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనగ పప్పులు మూడు వారాలు పెట్టాను. గిన్నె రోజూ ఖాళీ అయ్యేది కాబట్టి ఇద్దరూ తింటున్నారనుకున్నాను. నిజానికి తిన్నది మబ్బు ఒక్కటే. ఒక రాత్రి లైటు తగ్గించి పంజరం పక్కన కూర్చుని చూశాను. చిన్ని గింజ కోసం పరుగెత్తుకుంటూ వచ్చింది, ముందు కాళ్ళతో పట్టుకుంది, రెండుసార్లు కొరకబోయి వదిలేసింది. దానికి ఆకలి ఉంది, కొరకడమే చేతకావడం లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డాక్టరు నోరు చూస్తే పై పళ్ళు, కింది పళ్ళు ఒకదానికొకటి ఆనడం లేదు. ఎలుకల ముందు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, రెండూ రాసుకుంటేనే అరుగుతాయి. లేకపోతే వంకర తిరిగి నోట్లోనే గుచ్చుకోవచ్చు. పళ్ళు పసుపు, నారింజ రంగులో ఉండటం, కిందివి పైవాటికన్నా పొడవుగా ఉండటం మామూలే, దానికి టెన్షన్ పడకండి. పళ్ళను సరిచేయించడం మాత్రం డాక్టరు పని, ఇంట్లో ప్రయత్నించవద్దు.

మీ ఎలుకకు పళ్ళే కారణం కాకపోవచ్చు. తుమ్ములు, ఊపిరి తీసేటప్పుడు చప్పుడు, డొక్కలు ఎగరేయడం ఉంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ కావచ్చు. ఎలుకల్లో ఇది చాలా సాధారణం. కళ్ళ దగ్గర, ముక్కు దగ్గర ఎర్రగా కనబడేది చాలాసార్లు రక్తం కాదు, పోర్ఫిరిన్ అనే స్రావం. కానీ అది ఎక్కువగా కనిపిస్తుంటే ఒంట్లో బాగాలేదనో, భయపడుతోందనో అర్థం. రెండో ఎలుక గిన్నె దగ్గర తోసేస్తూ ఉండవచ్చు. లేదా మీది పుట్టుకతోనే చిన్న ఒళ్ళు కావచ్చు. ఆడ ఎలుకలు పెద్దయ్యాక సాధారణంగా 250 నుంచి 350 గ్రాములు ఉంటాయి, కొన్ని ఇంకా చిన్నగానే ఉండిపోతాయి. అందుకే ఒక్క అంకె చూసి నిర్ణయానికి రావద్దు. గ్రాముల్లో చూపే వంటింటి వెయింగ్ మెషీన్ మీద చిన్న డబ్బా పెట్టి, రెండు రోజులకోసారి ఒకే వేళకు తూచి రాసుకోండి. బరువు పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే ముఖ్యం.

ఇక తిండి. అసలు తిండి మంచి పెల్లెట్లే (ఎలుకల కోసం గుళికల్లా చేసి అమ్మే తిండి) ఉండాలి, గింజలు వాటి స్థానంలోకి రాకూడదు. ఎలుక రోజుకు సుమారు 15 నుంచి 20 గ్రాముల పొడి తిండి తింటుంది. ఆ పెల్లెట్లనే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి మెత్తగా చేసి, ఉడికిన గుడ్డు కొంచెం కలపండి. ఎదిగే వయసు కాబట్టి ప్రొటీన్ ముఖ్యం. ఉడికించిన ఓట్స్, ఉడికిన పప్పు, పండిన అరటిపండు కూడా కలపవచ్చు. కొత్త తిండిని ఎలుకలు అనుమానిస్తాయి, అందుకని మొదట చెంచా కొనంత పెట్టి చూడండి. చిన్ని మొదటి రోజు వాసన చూసి వెళ్ళిపోయింది, మూడో రోజు గిన్నె నాకేసింది.

మీ చిక్కిన ఎలుకను ఉదయం, రాత్రి ఒక గంట విడిగా కూర్చోబెట్టి తినిపించండి. మిగతా సమయమంతా కలిసే ఉండనివ్వండి, ఒంటరిగా ఉంటే దిగులు పడుతుంది. మిగిలిన మెత్తటి తిండిని రెండు గంటల్లో తీసేయండి.

ఎలుకలకు వాంతి రాదు, అందుకే జిగటగా అంటుకునేవి గొంతులో ఇరుక్కుంటే ప్రమాదం. పీనట్ బటర్‌ను నీళ్ళతో పలచన చేయకుండా పెట్టకండి. పచ్చి చిక్కుడు గింజలు కూడా వద్దు. తానుగా తినకపోతే ఆ మెత్తటి తిండినే సూది లేని సిరంజితో నోటి పక్కనుంచి చుక్క చుక్కగా ఇవ్వండి. మింగాకే మరో చుక్క.

పళ్ళు సరిచేయించి, ఇలా విడిగా తినిపిస్తే చిన్ని ఏడు వారాల్లో 205 గ్రాముల నుంచి 250కి వచ్చింది. పళ్ళ కోసం మాత్రం తరచూ తీసుకెళ్ళాల్సి వచ్చేది.

ఒక రోజంతా ఏమీ తినకపోయినా, వారంలో 15, 20 గ్రాములు తగ్గినా, ఊపిరి కష్టంగా ఉన్నా ఎదురుచూడకుండా డాక్టరుకు చూపించండి. చిన్న ప్రాణి, నిల్వ ఉండే శక్తి చాలా తక్కువ. ఈ రాత్రి గిన్నె దగ్గర కాసేపు కూర్చుని, తిండిని అది ఎలా పట్టుకుంటోందో, కొరుకుతోందో లేదో చూసి ఇక్కడ రాయండి. ఏం చేయాలో అప్పుడు ఇంకొంచెం స్పష్టంగా చెప్పగలను.