ఒడిశాలోని బరంపురం యూనివర్సిటీలో తెలుగు విద్యార్థులు సాంస్కృతిక సంఘం పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. ముందు ఒక అధ్యాపకుణ్ణి సలహాదారుగా ఒప్పించండి. తర్వాత సభ్యుల పేర్లు, ఆశయాలు రాసి విద్యార్థి సంక్షేమం చూసే అధికారికి అర్జీ ఇవ్వండి. హాలు, మైకు దొరకాలంటే ఆ అనుమతి ముఖ్యం.

మొదటి కార్యక్రమానికి ఆగస్టు 29 మంచి రోజు. అది గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. వాడుక తెలుగు కోసం పోరాడిన ఆయన ఇప్పుడు ఒడిశాలోనే ఉన్న పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు, సవర గిరిజనుల భాషకు నిఘంటువు కూర్చారు. అంటే ఆయన మన ఇరుగుపొరుగు మనిషే!

ఒడియా మిత్రులనూ తప్పక పిలవండి. 1936 దాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇక్కడ చాలా ఇళ్లలో రెండు భాషలూ వినిపిస్తాయి. వేదిక మీద కూడా రెండూ వినిపించాలి.