రేపటి కోరికకు ఒక కుండ

చి. అమ్మాయికి ఆశీస్సులు.

2075లో మనుషులు ఏం కోరుకుంటారో కుండలోనూ కథలోనూ చూపించాలని రాశావు. ముందు యంత్రాల ఊసు వదిలెయ్. కోరిక కావాలంటే కరువును వెతకాలి: ఎవరికి, ఏది, ఎందుకు దొరకదు? దీనికి ఒక్క వాక్యంలో జవాబు వచ్చేదాకా మట్టి తడపకు. "జనం ప్రశాంతత కోరతారు" అంటే చేతికి పని దొరకదు. "కిటికీలు తెరుచుకోని ఇంట్లో పెరిగిన పిల్ల తొలకరి వాసన అడుగుతుంది" అంటే దొరుకుతుంది. పైగా అది గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇవాళ్టికీ కాల్చిన మట్టిని రాగి పాత్రలో నీళ్ళతో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి దింపి మట్టి అత్తరు తీస్తున్నారు. ఇప్పుడున్న ఇలాంటి మక్కువనే యాభై ఏళ్ళు ముందుకు జరుపు.

పొడి కుండలో చెంచాలతో నీళ్ళు పోస్తే మట్టి వాటిని తాగి ఆ వాసన ఇస్తుంది. ఆ పిల్ల ముఖం వంచి దాన్ని పీల్చాలి కాబట్టి మూతి 18 సెంటీమీటర్లు ఉండాలి. మట్టి ఆరి, కాలేసరికి సుమారు పదోవంతు కుంచించుకుంటుంది, అందుకని పచ్చిమీద 20 పెట్టు. నీ మట్టి ఎంత కుంచించుకుంటుందో చిన్న పలకమీద ముందే కొలుచుకో. నాలుగు పాళ్ళ బంకమట్టికి ఒక పాలు జల్లించిన కాలిన కుండపెంకుల పొడి కలుపు. గోడ 6 నుంచి 8 మిల్లీమీటర్లు చాలు. పిడి, కుండ ఒకే తడిలో ఉన్నప్పుడే గీతలు గీసి, మట్టి బురద పూసి అతికించు. ఒకటి ముందు ఆరితే అతుకు దగ్గర పగులు ఖాయం. అంచు త్వరగా ఆరుతుంది, దానికి తడిగుడ్డ కప్పి నీడలో ఉంచు.

కాల్చేటప్పుడే ఎక్కువమంది తొందరపడతారు. లోపలి తడి పోకముందే 100 డిగ్రీలు దాటితే ఆవిరికి కుండ పేలిపోతుంది. 573 దగ్గర మట్టిలోని ఇసుక ఉన్నట్టుండి వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. రెండుసార్లూ నెమ్మదిగా దాటించు. 850 దగ్గర ఆపు. మెరుగు పూత వద్దు, అది రంధ్రాలను మూసేస్తుంది, వేడి మరీ పెరిగినా అంతే. కాలిన కుండను తూచి, ఒక రాత్రి నానబెట్టి, పైతడి తుడిచి మళ్ళీ తూచు. కిలో కుండ 100 గ్రాములకు పైగా నీరు తాగితే బాగా వచ్చినట్టే.

కథ 150 మాటలు దాటొద్దు. 2075 లోకాన్ని వర్ణించకు. కుండతోపాటు ఇంటికొచ్చిన వాడకం చీటీలా రాయి: ఎన్ని చెంచాల నీళ్ళు పొయ్యాలి, ఎవరి వంతు ముందు, ఇంట్లో ఎవరు వద్దంటారు. ఆ వద్దనే మనిషి లేకపోతే కోరికకు బలం రాదు. "వాన", "జ్ఞాపకం" అనే మాటలు కొట్టెయ్, ఆ పని కుండ చేస్తుంది.

చీటీ పెట్టకుండా కొత్తవాళ్ళ చేతికిచ్చి చూడు. లోపలికి తొంగిచూడకుండా బల్లమీద పెట్టేస్తే మూతి మార్చు, కథను కాదు. ప్రదర్శనకు మూడు కుండలైనా చెయ్యి. తడిసింది పూర్తిగా ఆరితేగానీ మళ్ళీ వాసన ఇవ్వదు, అవి వంతులవారీగా ఆరాలి.

నీ పెద్దమ్మ