ముందు ఫేజ్ చూడు, మ్యాప్ తర్వాత

అమ్మడూ,

మెదడు విద్యుద్వాహకతను ఎమ్మారైతో చూసే పరిశోధనలో చేరావని అక్క ఫోన్లో చెప్పగానే ఎంత సంతోషం వేసిందో! నా ఉద్యోగంలో చివరి పదేళ్లూ ఈ ఫేజ్ బొమ్మల ముందే, అంటే తరంగం ఎక్కడ ఎంత వెనకబడిందో చూపే బొమ్మల ముందే గడిచాయి. అందుకే నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను.

తలకు ఎలక్ట్రోడ్లు అంటించి కరెంటు పంపే పద్ధతి వేరే ఉంది, నీది అది కాదు. స్కానర్ ఎలాగూ పంపే రేడియో తరంగమే కణజాలంలోంచి పోతూ కాస్త వెనకబడుతుంది. ఆ ఫేజ్ ఎక్కడ ఎంత వంపు తిరిగిందో చూసి అక్కడి వాహకత చెబుతాం. హాకే బృందం ఈ ఆలోచనను 1991లోనే బయటపెట్టింది. 2009లో కాచర్ బృందం పేపరు వచ్చాకే చాలామంది దీన్ని చేతిలోకి తీసుకున్నారు. ఆ రెండూ చదివే ఉంటావు.

కంప్యూటర్ తెరిచేముందు కాగితం మీద ఒక లెక్క చెయ్యి. 3 టెస్లా స్కానర్లో ఫ్రీక్వెన్సీ సుమారు 128 మెగాహెర్ట్జ్. అక్కడ ఫేజ్ వంపుకి కొలత అయిన లాప్లాసియన్‌ని దాదాపు 1009తో భాగిస్తే వాహకత వస్తుంది. మీటరుకు 0.5 సీమెన్స్ ఉన్న ఒక ముద్ద నడిమినుంచి ఒక సెంటీమీటరు పక్కకు జరిగితే ఫేజ్ మారేది ఎంత? అర డిగ్రీ. మనం బతికేది ఆ అర డిగ్రీ మీద. పైగా దాన్ని రెండుసార్లు డిఫరెన్షియేట్ చెయ్యాలి, చేసిన ప్రతిసారీ నాయిస్ పెరిగిపోతుంది. స్కానర్ దగ్గర పోగొట్టుకున్నదాన్ని తర్వాత ఏ ఫిల్టరూ తెచ్చివ్వదు.

కాబట్టి స్పిన్ ఎకో అనే స్కాన్ పద్ధతితో మొదలుపెట్టు. నిదానమే, కానీ అయస్కాంత క్షేత్రంలో ఉండే ఎగుడుదిగుళ్ల ఫేజ్ అందులో దానంతటదే రద్దవుతుంది. ఎడ్డీ కరెంట్ల ఫేజ్ మాత్రం, అంటే గ్రేడియంట్లు మారినప్పుడు స్కానర్ లోహంలో పుట్టే కరెంట్ల వల్ల వచ్చేది, మిగులుతుంది. రీడవుట్ గ్రేడియంట్ (సిగ్నల్ చదివేటప్పుడు క్షేత్రానికి ఇచ్చే వాలు) దిశ తిప్పి రెండోసారి తీసి, రెంటి సగటు వాడు. స్కానర్ టైమ్ రెట్టింపవుతుందని మీ గైడ్ సణిగితే సణగనీ, ఈ ఒక్కదాంట్లో రాజీ పడొద్దు. ఇంకొకటి: స్కానర్ ఇచ్చేది పంపిన ఫేజ్, అందుకున్న ఫేజ్ రెండూ కలిసిన మొత్తం. అందులో సగం మనకు కావలసిన, పంపిన ఫేజ్ అనుకుని సాగుతాం. స్కానర్ గొట్టంలోనే ఉండే పెద్ద యాంటెన్నా, బాడీ కాయిల్‌తోనే పంపి, దాంతోనే అందుకుంటే ఆ అంచనా చాలావరకు నిలబడుతుంది. తల చుట్టూ పెట్టే 32 ఛానళ్ల హెడ్ కాయిల్ వాడితే మాత్రం దాని ఫేజ్‌ని బాడీ కాయిల్‌తో సరిచెయ్యకుండా ముందుకెళ్లకు.

మనిషిని పడుకోబెట్టే ముందు ఫాంటమ్, అంటే మనిషికి బదులు స్కాన్ చేసే నమూనా ముద్ద. లీటరు నీళ్లకు 20 గ్రాముల అగర్, అదే మన ఇళ్లలో చైనా గ్రాస్ అంటారే, అది. 3 గ్రాముల ఉప్పు. గది వేడిలో మీటరుకు 0.5, 0.6 సీమెన్స్ మధ్య వస్తుంది, మెదడులోని బూడిదరంగు కణజాలం, గ్రే మ్యాటర్‌కి దగ్గర. మరిగేటప్పుడు ఆవిరైపోయిన నీళ్లను తూకం వేసి మళ్లీ పొయ్యి, లేకపోతే ఉప్పు చిక్కబడుతుంది. గిన్నె వంచి, డబ్బా గోడ వెంబడి సన్నటి ధారగా జారనివ్వు. ఒక్క గాలిబుడగ ఉన్నా దాని చుట్టూ బొమ్మ పాడవుతుంది. నేను మొదటిసారి చేసిన ఫాంటమ్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా స్కానర్లో పెట్టాను. విలువ ఐదోవంతు తక్కువొచ్చింది. కోడ్‌లో తప్పుందని మూడు వారాలు వెతికాను. ఒక్కో డిగ్రీకి వాహకత సుమారు 2 శాతం మారుతుందన్న సంగతే నాకు తట్టలేదు. రాత్రే స్కానర్ గదిలో పెట్టు, పొద్దున థర్మామీటర్ గుచ్చి చూడు.

ఇక అసలు మెదడు. వైట్ మ్యాటర్ 0.34, గ్రే మ్యాటర్ 0.59, మెదడు చుట్టూ ఉండే ద్రవం 2.1 దాకా. పక్కపక్కనే ఇంత తేడా ఉన్నచోట, లోపలంతా ఒకే వాహకత అనుకునే మన ఫార్ములా తప్పు చెబుతుంది. ఒక వాలంటీరు మ్యాప్‌లో వెంట్రికల్ (మెదడు లోపల ద్రవం నిండిన గది) పక్కన మెరిసే గీత కనబడితే ఏదో జబ్బు గుర్తే అనుకుని డాక్టర్ని పిలిచి మరీ చూపించాను. దాని పక్కనే మైనస్ విలువల గీత కూడా ఉంది. కలర్ స్కేల్‌ని సున్నా దగ్గరే కోసేయడం వల్ల అది నాకు కనబడలేదు. మైనస్ వాహకత మెదడులో ఉండదు కదా! అది అంచు చేసిన మాయ. ఆ మనిషికి ఏమీ లేదు, కానీ రెండు రోజులు భయపడ్డాడు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. నీ స్కేల్ ఎప్పుడూ సున్నా కిందికి కూడా సాగనియ్యి. ఫిట్ చేసే కెర్నల్, అంటే ఒక్కో లెక్కకు తీసుకునే చిన్న కిటికీ, ఒక కణజాలం దాటి పక్కదాంట్లోకి పోకుండా సెగ్మెంటేషన్‌తో, అంటే కణజాలాలను ముందే విడదీసి గుర్తించి, కట్టడి చెయ్యి.

డీప్ లెర్నింగ్‌తో చేసిన మ్యాపులు నున్నగా, కళ్లకు ఇంపుగా ఉంటాయి. ఆరోగ్యమైన తలల మీద నేర్చిన నెట్‌వర్క్ గ్లయోమా అనే గడ్డ ఉన్న మెదడుకి కూడా అలవాటైన విలువలే పూసేయొచ్చు. గడ్డలో వాహకత తరచూ పెరుగుతుంది, మనకు కావలసింది సరిగ్గా ఆ తేడానే. వాడు, కానీ పక్కన మామూలు ఫిట్ ఫలితం కూడా పెట్టుకో.

మొదటి ఫాంటమ్ స్కాన్ అయ్యాక నాకు పంపు. మ్యాప్ వద్దు, రెండు దిశల ముడి ఫేజ్ ఫైళ్లూ, ఆ రోజు థర్మామీటర్ చూపిన అంకే పంపు. ఇద్దరం కలిసి చూద్దాం.

మామయ్య