సమాధానం: పీహెచ్‌సీ అనుభవంతో పబ్లిక్ హెల్త్ పీజీకి వెళ్లొచ్చా?

డాక్టర్ గారూ, పాడేరు వైపు పీహెచ్‌సీలో మూడేళ్లుగా చేస్తున్నానని, లండన్‌లోనో లివర్‌పూల్‌లోనో పబ్లిక్ హెల్త్ పీజీ చేయాలనుందని రాశారు. ఫీజు చూసి, పైగా "చూపించడానికి రీసెర్చ్ ఏమీ లేదు" అనుకుని ఆగిపోయానన్నారు. ముందు ఆ రెండో టెన్షన్ వదిలేయండి.

మీ టేబుల్ మీద మలేరియా రిజిస్టర్ ఉంటుంది కదా. ఏ గూడెంలో ఏ నెలలో జ్వరాలు పెరిగాయి, ఆశా కార్యకర్త సంచిలో టెస్ట్ కిట్లు ఎప్పుడు అయిపోయాయి, రక్తపూత తీసిన ఎన్నో రోజుకి రిపోర్టు చేతికొచ్చింది? వీటిలో ఒక్క సమస్య పట్టుకుని, మీరేం చేశారో, ఎక్కడ చేతులు కట్టేసినట్టయిందో అప్లికేషన్‌తో పంపే వ్యాసంలో రాయండి. "ప్రజాసేవ నా చిన్నప్పటి కల" లాంటి వాక్యాలు కొట్టేయండి. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన రొనాల్డ్ రాస్, తర్వాత పాఠాలు చెప్పింది లివర్‌పూల్‌లోని ఉష్ణమండల వ్యాధుల స్కూల్లోనే. మీ కొండల మలేరియా వాళ్లకు కొత్త విషయమేమీ కాదు.

ఫీజుకి బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్ ప్రయత్నించండి. 2,800 గంటల ఉద్యోగ అనుభవం అడుగుతారు, మీకు ఎప్పుడో దాటిపోయింది. చదువయ్యాక రెండేళ్లు మన దేశంలో ఉండాలి. ఇంకో మాట, ఈ డిగ్రీతో అక్కడ వైద్యం చేసే లైసెన్సు రాదు.

స్కాలర్‌షిప్ రాకపోతే ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం వెళ్లకండి. హైదరాబాద్ ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లో, తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థలో ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో పీజీ) ఉంది.

రాసిన డ్రాఫ్ట్‌ని, రోగుల పేర్లు తీసేసి, ఇక్కడ పెట్టండి. తప్పకుండా చదివి చెబుతాను.